రెండు విమానాల నడుమ

"మహీ, ఆ రిపోర్టు వెనక్కి తీసుకో," అన్నాడు ఉపేంద్ర లోపలికి అడుగు పెడుతూనే. తెలంగాణ బంద్ వల్ల బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట దాకా నడిచొచ్చాడు.

ఇద్దరూ వైమానిక దళంలో పైలట్లు. సెలవు మీద ఇళ్లకు వచ్చారు. ఆ రిపోర్టు చూసి, సోమవారం మహిపాల్‌ని మెడికల్ బోర్డు ముందుకు రమ్మన్నారు.

"తీసుకోకపోతే నిన్నింక ఎగరనివ్వరు."

"గుండ్రటి వెలుగు మన రెండు విమానాల నడుమకొచ్చి నిలవడ్డది. నేనెటు తిప్పితే అటు తిరిగింది. రాడార్ల ఏం లేదన్నరు. పక్కనున్న నువ్వు గూడ ఏం చూడలేదని రాసిచ్చినవ్."



మహిపాల్ భార్య అరుణజ్యోతి మంచినీళ్లు తెచ్చింది. "అన్నా, ఎనిమిది రోజుల సంది ఈయన సరిగ తింటలేడు. నాకు పిచ్చి లేసిందా అని నన్నే అడుగుతున్నడు. నేనేం చెప్పాలె?"

ఉపేంద్ర గ్లాసు అందుకోలేదు. "పిచ్చి కాదు చెల్లెమ్మా. నేనూ చూశాను. నన్నూ పక్కన పెట్టేస్తారని భయపడి అబద్ధం రాశాను. సోమవారం నేనూ వచ్చి నిజం చెప్తాను."

ఇప్పుడైనా మొగుడి ప్రాణం కుదుటపడుతుందనుకుంది అరుణజ్యోతి.

మహిపాల్ మాత్రం లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి, మధ్యాహ్నపు ఆకాశం కనబడకుండా పరదా లాగేశాడు.

"పిచ్చయితే దవాఖానకు పోతే తగ్గుతుండె," అన్నాడు. "ఇప్పుడు ఎక్కడికి పోవాలెరా?"