దొర కట్టుడుపళ్లు

1948 డిసెంబరులో ఒక రోజు, ఉదయం ఆరు గంటలకు, అచ్చంపేట దగ్గరి ఒక ఊరి గడిలో దొర కట్టుడుపళ్లు కనిపించకుండా పోయాయి.

ఆ సమయానికి పెద్ద జీతగాడు కాటమయ్య పెరటి బావి దగ్గర ఎడ్లకు నీళ్లు తోడుతున్నాడు. దొరసాని వచ్చి సంగతి చెప్పింది. ఆ పళ్ల కంపు గదిలో భరించలేక, రాత్రిపూట వాటిని నీళ్ల గిన్నెలో వేయించి పెరటి అరుగు మీద పెట్టించేది. పొద్దున్నే వెట్టికి వచ్చే నర్సింగమ్మ వాటిని కడిగి లోపలికి పంపాలి. ఇవాళ గిన్నెలో నీళ్లే ఉన్నాయి.

"పొద్దు నెత్తిమీదికి రాకముందే దొరకాలె. మిలిటరోళ్ల లారీ అప్పటిదాంక ఉండదు," అంది దొరసాని.

ఆ తొందర దేనికో కాటమయ్యకు తెలుసు. అడవి అంచున మిలిటరీ వాళ్లు కొందరిని పట్టుకుని చావడిలో కట్టేశారు. వాళ్లు పేర్లు మార్చి చెప్పారు. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లెవరో దొర స్వయంగా వచ్చి, ముఖాలు చూసి చెప్పాలని సుబేదారు కబురు పెట్టాడు. దొర చూపినవాళ్లు లారీ ఎక్కాలి. ఇంతకు ముందు లారీ ఎక్కినవాళ్లలో ఈ చుట్టుపక్కలకు తిరిగి వచ్చినవాడు లేడు.

కట్టేసినవాళ్లలో నర్సింగమ్మ కొడుకు గాలయ్య ఉన్నాడు.

నిన్న సాయంత్రం ఆమె దొర కాళ్ల దగ్గర కూలబడింది. వెట్టివాళ్ల ఊపిరి దొరకు తగలకూడదు. గడిలో అడుగుపెట్టింది మొదలు బయటికి పోయేదాకా కొంగు నోటికి అడ్డం ఉండాల్సిందే. కొంగు చాటునుంచే కొడుకును కాపాడమని అడిగింది.

"నా గడి మీద జెండా పాతినోడు నీ కొడుకే గదనే," అన్నాడు దొర. "రేపు నేనే పోత. నా నోటితోనే చెప్త."

చెబుతుండగా పైపళ్లు జారాయి. బొటనవేలితో లోపలికి తోసుకుని, ఆ వేలు పంచెకు తుడుచుకున్నాడు. కాటమయ్య ముఖం తిప్పుకున్నాడు.

సంఘం లేచినప్పుడు దొర హైదరాబాదుకు పారిపోయాడు. జర్దా పాన్‌కు అప్పటికే పళ్లన్నీ పుచ్చిపోయాయి. అక్కడి పళ్ల డాక్టరు, విరిగిన పన్నుకు వేరు గట్టిగా ఉంటే బంగారు తొడుగు వేయొచ్చన్నాడు. పన్ను ఊడిన చోట పక్కపళ్ల ఆధారంతో కొత్తది నిలపొచ్చన్నాడు. దొర చిగుళ్లలో చీము పట్టింది కాబట్టి ఆ రెండూ నిలవవని, అన్నీ పీకి పైనా కిందా రెండు వరసలు పెట్టాడు. పోలీసు చర్య తర్వాత ఊరికి తిరిగొచ్చిన దొర, గడికి వచ్చిన ప్రతివాడికీ ఈ కథ చెప్పి, పళ్లు ఊడదీసి చూపించేవాడు. నర్సింగమ్మకూ నోట్లో పన్ను లేదు. ఆమె జొన్న గట్క పలచగా కలుపుకుని తాగేది.

దొర పళ్లకు మాంసం పీచు, పాన్ పిప్పి, సాగే జిగట అంటుకుని ఉండేవి. నర్సింగమ్మ బూడిదతో తోమి, గోడ వెనక్కి పోయి కక్కుకునేది. "వాటిని ముట్టినంక కూడు సయిస్తలేదు బిడ్డా," అని కాటమయ్యతో ఒకసారి అంది.

ఇవాళ ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. కాటమయ్య వెళ్లి అడిగాడు.

"నర్సవ్వా, నువ్వొచ్చేసరికి గిన్నెల ఉన్నయా?"

కొంగు వెనకనుంచి తల అడ్డంగా ఊపింది. అంతలో ఆమెకు డోకు వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాటమయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

దొరసాని ఊరుకోలేదు. ఇంట్లో పనిచేసే హనుమమ్మ చేత నర్సింగమ్మ రవిక, బొడ్డుసంచి, కొప్పు వెతికించింది. ఏమీ దొరకలేదు. బావిలో ఏదీ పడలేదని, చీకటి ఉండగానే తాను అక్కడ ఉన్నానని కాటమయ్య చెప్పాడు. నర్సింగమ్మ లోపలికి వచ్చాక గడి తలుపులు మళ్లీ తీయలేదు. పొయ్యి బూడిద, కుడితి తొట్టి, గడ్డివాము చూశారు. కోతి ఎత్తుకుపోయి ఉంటుందని హనుమమ్మ అంది.

చివరికి దొరసాని పెంటగుంత వైపు చూపింది. దొర ఉమ్మితొట్టి, రాత్రి కుండ అందులోనే గుమ్మరిస్తారు. కాటమయ్య గుంతలోకి దిగి, మోచేతుల దాకా చేతులు పెట్టి కలిపాడు. పురుగులు చేతుల మీదికి ఎక్కాయి. గట్టిది ఒకటి తగిలితే తీశాడు. మేక దవడ. గుంత ఒడ్డునే కక్కుకున్నాడు.

సుబేదారు మనిషి రెండోసారి వచ్చి నిలబడ్డాడు. దొర గది తలుపు వేసుకుని ఉన్నాడు; దొరసాని తీస్తే గుమ్మం బయట నిలబడ్డ కాటమయ్యకు కనిపించాడు. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం మీద చొంగ. రుమాలు నోటికి కట్టుకుని వెళ్లి, వేలితో చూపితే చాలదా అని దొరసాని మెల్లగా అంది.

దొర ఉమ్మితొట్టిని తన్నాడు. ఏమంటున్నాడో కాటమయ్యకు మూడోసారికి గాని తెలియలేదు.

"నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునేది వాళ్లు. నేనా? గా సంఘపోళ్లు నన్ను చూసి నవ్వాల్నా?"

దొరకు జ్వరమని కబురు వెళ్లింది.

కాటమయ్య చేతులు కడుక్కుని చావడికి పోయాడు. పక్క ఊళ్లలో చూపించినవాళ్లతో లారీ అప్పటికే నిండి ఉంది. సుబేదారు గడియారం చూసుకున్నాడు. సాక్షి లేనివాళ్ల తాళ్లు కోయించాడు. లారీ కదిలింది.

కాటమయ్య గడికి వచ్చాడు. నర్సింగమ్మ ఇంకా గోడ దగ్గరే ఉంది.

"అవ్వా, నీ కొడుకును ఇడిసిపెట్టిండ్రు. వాగు దిక్కు పోతుండు, చూడు."

ఆమె లేచి గోడ మీదుగా చూసింది. గాలయ్య వాగు దాటి చెట్లలోకి వెళ్లేదాకా అలాగే నిలబడింది.

తర్వాత కొంగు తీసి, దొర పళ్లను ఉమ్మేసింది.