కాయలు కాయని వేళ్లు

మూడు నెలలుగా గిటారుపై జాజ్ సంగీతం నేర్చుకుంటున్నాను. ఒక్క అపస్వరమూ పలకలేదు. అరవై ఎనిమిదేళ్ల వేళ్లకు ఇంత నైపుణ్యం ఎక్కడిది? వేలికొసలకు కాయలైనా కాయలేదు. ఈనాటి గిటార్లు తప్పులను వాటంతటవే దిద్దుతాయని విని, ఈ ఉదయం రెండు తీగలను పూర్తిగా వదులుచేసి మీటాను. నాదం నిర్దోషంగా పలికింది.

"అద్భుతం అత్తయ్యా! ఆదివారం మన అపార్ట్‌మెంట్ సభలో మీరే వాయించాలి," అంది కోడలు హంసిక.

"వాయించింది నేను కాదమ్మా."

గిటారులోని బ్యాటరీ ఊడదీసి, తీగలు బిగించి, మళ్లీ మీటాను. గచ్చుమీద గిన్నెలు దొర్లినట్టు మోగింది. పక్క ఫ్లాటు పరంధామయ్యగారు మొదటిసారిగా బాల్కనీలోకి పరుగెత్తుకొచ్చారు.

"సువర్చలగారూ, గిటారు పాడైందాండీ?"

"లేదండీ. నేర్చుకోవడం ఇవాళే మొదలుపెట్టాను. ఆదివారం సభకు తప్పకుండా రండి."