తొమ్మిదో గ్రూపు

"మీ కంప్యూటరు నన్ను తీసుకోవట్లేదమ్మా," అన్నాడు కౌంటర్ ముందున్న మనిషి.

వినీల తల తిప్పి చూసింది. బెజవాడలోని ఆ బ్లడ్ బ్యాంకుకి దాతల పేర్లు ఎక్కించే ప్రోగ్రాం రాసింది తనే. ఆ వారమే మొదలుపెట్టారు.

స్క్రీన్ మీద ఎర్రక్షరాలు: 'జాబితా'కి విలువ లేదు.

"మీ గ్రూపేంటండీ?"

"బాంబే గ్రూపంటారమ్మా. చాలా అరుదంట. మా గ్రూపువాళ్లకి మా రక్తమే పడుతుందంట."

వినీలకి అర్థమైంది. ఎనిమిది గ్రూపులకీ ఎనిమిది షరతులు రాసింది. ఏ గ్రూపైతే ఆ జాబితాలోకి పేరు వెళ్తుంది. ఎనిమిదిలో ఏదీ కాకపోతే ఎక్కడికెళ్లాలో రాయలేదు. అక్కడికొచ్చి ప్రోగ్రాం ఆగిపోతోంది.

"ఓ పాజిటివ్ అని కొట్టేస్తానండీ."

"వద్దమ్మా. అలా రాస్తే కావాల్సినవాళ్లకి నేను దొరకను."

"సరే, సరిచేస్తాను. వచ్చే వారం రండి."

వచ్చాడు. పామర్రు నుంచి, బస్సులో.

"ఇంకా అవలేదండీ."

ఆ పై వారమూ వచ్చాడు.

"నా పని నన్ను చేసుకోనివ్వరా అండీ?" విసుక్కుంది వినీల. లక్షల్లో ఒక్కడి కోసం అంత తొందరేముంది అనుకుంది.

మళ్లీ రాలేదు.

రెండు నెలల తర్వాత ఓ పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్. ఉయ్యూరు అమ్మాయి, హెలెన్. కాన్పయింది, రక్తం ఆగడం లేదు. బాంబే గ్రూపు కావాలి.

వినీల వెతికింది. ఒక్కరూ లేరు.

పేరు ఎక్కకముందే ప్రోగ్రాం ఆగిపోయింది. అతని పేరు లేదు, నంబరు లేదు. పామర్రన్నది ఒక్కటే గుర్తుంది.

తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. ప్రోగ్రాంలో అప్పుడు రాయాల్సింది రెండే రెండు లైన్లు.

మధ్యాహ్నం మూడింటికి పామర్రు పాస్టరుగారి ద్వారా దొరికాడు. నతానియేలు, వడ్రంగి పని చేస్తాడు. ఉన్నపళంగా బండెక్కి నాలుగున్నరకి ఆసుపత్రికొచ్చాడు, చొక్కా చెయ్యి మడుచుకుంటూనే.

నాలుగింటికే హెలెన్ పోయింది.

వినీల అతనికంటే ముందే అక్కడికి చేరుకుంది. గోడకానుకుని నిలబడిపోయింది. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

ఆమె మొహం చూసి నతానియేలు చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించుకున్నాడు.

"నన్ను తిట్టండి," అంది వినీల. "అన్నిసార్లు తిప్పాను. అసలు మీరెందుకండీ అన్నిసార్లు వచ్చారు?"

"మా చెల్లెలు ఇలాగే పోయిందమ్మా," అన్నాడు నతానియేలు. "నా రక్తం దానికి సరిపోయేదని, మట్టి చేసొచ్చాకే తెలిసింది."