ఇంకో బెజ్జం

"ఇంకో బెజ్జం పొడువు. ఇది ఇంకా బిగియాలి," అంటూ కాంట్రాక్టరు బెల్టును ముసలాయన ఒళ్లోకి విసిరాడు.

ముసలాయన చెప్పులు కుట్టేవాడు. మాట పొదుపు. చేతిలోని తెగిన చెప్పు పక్కన పెట్టి బెల్టును తిప్పి చూశాడు. కుక్క మెడకు కట్టేది. పైన నల్లటి డబ్బీ. లోపలివైపు, చర్మానికి తగిలేచోట, రెండు ఇనుప మొనలు. వాటికి బొచ్చు అంటుకుని ఉంది.

ఆ బొచ్చు తాలూకు కుక్క కొట్టు మెట్టు కింద నక్కి కూర్చుంది. మెడ మీద బఠానీ గింజలంత పుళ్లు రెండు.

"ఏంటిది బాబూ?"

"కరెంటు బెల్టు. అది మొరిగిందా, నేనిక్కడ రిమోట్ నొక్కుతా. అక్కడ ఆ మొనల్లోంచి చురుక్కుమంటుంది, నోరు మూస్తుంది. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్నారు. ఇప్పుడు చెప్పు కూడా అరగక్కర్లేదు." తన చలోక్తికి తానే నవ్వుకున్నాడు.

"మూస్తోందా మరి?"

"ఎక్కడ! ఇదివరకు కొత్తవాళ్లను చూస్తేనే మొరిగేది. ఇప్పుడు ఎవరొచ్చినా పళ్లు బయటపెడుతోంది. నిన్న మా బావమరిది ప్యాంటు పీలికలైంది. బెల్టు వదులుగా ఉందట, మొనలు సరిగ్గా ఆనట్లేదట. బెల్టు అమ్మిన కుక్కల ట్రైనరు చెప్పాడు."

"మీరోసారి పెట్టుకు చూశారా?"

"నాకేం ఖర్మ? చక్కిలిగింత లాంటిదేనట."

"ఎవరన్నారు, కుక్కా?"

కాంట్రాక్టరు మొహం ముడుచుకుంది. "నీ పని కుట్టడం, పెద్దాయనా. నెల చూస్తా. అప్పటికీ దారికి రాకపోతే సూదేయించి పాతిపెట్టించేస్తా. ఇంట్లో కూడా చెప్పేశా."

అంటూ జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలు కోసమే. కుక్క గట్టిగా కళ్లు మూసుకుంది.

"ఆఁ, అన్నట్టు ఈ కొత్త బూటు మడమ కొరికేస్తోంది. రెండు రోజులుగా ప్రాణం తోడేస్తోందనుకో. ఇంటిల్లిపాది మీదా కయ్యిమంటున్నా. లోపల మెత్తగా ఏదన్నా వెయ్యి."

"బూటు కరిస్తే ఇంట్లోవాళ్ల మీదా అరుపులు?"

"నొప్పెడితే ఎవడైనా అరవడూ!"

"నిజమే." ముసలాయన మేకుల డబ్బా దగ్గరికి జరుపుకున్నాడు. "బూట్లూ, కుక్కా ఇక్కడే ఉంచి సాయంత్రం రండి."

కాంట్రాక్టరు కారులోని పాత చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు కొట్టుకి ఇరవైమంది దాకా వచ్చుంటారు. కుక్క ఒక్కరిని చూసీ మొరగలేదు. చెప్పుల కుప్ప పక్కన గురకపెట్టి నిద్రపోయింది.

సాయంత్రానికి బెల్టు దాని మెడకు ఉంది, కొత్త బెజ్జం దగ్గర బిగిసి. కాంట్రాక్టరు బూట్లు తొడుక్కుని నాలుగడుగులు వేశాడు. హాయిగా ఉంది. ఇక కుక్క వంతు. రిమోట్ నొక్కాడు. డబ్బీ మీద ఎర్ర దీపం వెలిగింది. కుక్క కళ్లు మూసుకుంది, అంతే.

"చూశావా! కుయ్ అనలేదు. బిగువు ఉండాల్సిందే."

"ఉండాల్సిందే," అన్నాడు ముసలాయన.

సరిగ్గా నెలకి కాంట్రాక్టరు మళ్లీ దిగాడు. కుక్క గొలుసు లేకుండానే ముందు నడిచొచ్చింది. మెడ మీద కొత్త బొచ్చు.

"పెద్దాయనా, ఏం చెయ్యయ్యా నీది! ఇది ఋషి అయిపోయింది. మా బావమరిది ఒళ్లో తల పెట్టి పడుకుంటోంది."

"రిమోట్ నొక్కుతున్నారా?"

"నొక్కకపోతే ఎలా? మొరిగినా మొరక్కపోయినా పొద్దున్నే రెండుసార్లు. అదుపులో ఉండాలి కదా. నేను ముందే చెప్పలా, జంతువుకి భయమే గురువని!"

"చెప్పారు."

"ట్రైనరు ముక్కున వేలేసుకున్నాడు. తన దగ్గర కొన్నవాళ్లందరివీ పోగేసి పంపాడు." సంచీ బోర్లించాడు. బెల్టులు, పద్నాలుగు. "అన్నిటికీ దీనికి చేసినట్టే చెయ్యి."

"అచ్చం అలాగేనా?"

"అచ్చం. వెంట్రుకవాసి తేడా రాకూడదు."

కుక్క వచ్చి ముసలాయన మోకాలి మీద గడ్డం ఆనించింది. కాంట్రాక్టరు ఈలేస్తే తోకాడించుకుంటూ అతని వెంట వెళ్లింది.

ముసలాయన మేకుల డబ్బా మూత తీసి, నెల కిందట ఊడబీకిన రెండు మొనల పక్కన చోటు చేశాడు.