ఎద్దుల రింగులో ప్రార్థన గది

"తలుపు తియ్యండమ్మా, భయమేస్తోంది," అంది పాటలు పాడే మరిత్సా.

ప్రార్థన గదిని చూసుకునే ఎడెల్మీరా తాళం తీసింది. కొలంబియా రాజధాని బొగోటాలో ఎద్దుల పోరు ఆగిపోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఈ రింగులో కచేరీలే. మేరీమాత ముందు మోకరిల్లడానికి ఎవరూ రావడం లేదు.

"ఎద్దు లేదు కదే, భయమెందుకు?"

"పదివేల మంది జనమమ్మా! పాట తప్పితే బతకనిస్తారా?"

ఎడెల్మీరా నవ్వి, కొవ్వొత్తి వెలిగించి, అలవాటుగా బయటికి నడిచింది. ఒకప్పుడు ఎద్దుతో పోరుకి దిగేముందు ఇక్కడ మొక్కుకోవడానికొచ్చే ప్రతి మగాడూ "నన్ను ఒంటరిగా వదిలెయ్యి" అనేవాడు. నలభై ఏళ్లు ఆమె తలుపవతలే నిలబడి వాళ్లందరి కోసమూ మొక్కుకుంది.

"ఎక్కడికమ్మా? నా పక్కన కూర్చోండి. మీ పేరేంటి?"

ఆమె వెనక్కొచ్చింది. కూర్చుని, ఆ పిల్ల చల్లటి చెయ్యి పట్టుకుంది.

"ఎడెల్మీరా," అంది. ఎన్నాళ్లుగానో ఎవరూ అడగని ఆ పేరు ఆమెకే కొత్తగా వినిపించింది.