మబ్బుపూట నష్టం

"ఇవాళ కూడా మొండికేసింది అన్నయ్యా," అంటూ చెల్లెలు లోపలికి వచ్చింది.

తలుపు తీసిన వదిన పక్కకు తప్పుకుంది. "ముందు మంచినీళ్లు తాగు. వస్తూనే మొదలెట్టాలా?" అంది నీరసంగా.

కిటికీ పక్క కుర్చీలో ఉన్న అన్నయ్య మెల్లగా ఇటు తిరిగాడు. స్కూటర్ ప్రమాదం తర్వాత అతను, చెల్లెలితో కలిసి పనిచేసిన లాబ్‌కు వెళ్లడం మానేశాడు. గడ్డం కూడా వదినే గీస్తుంది. ఒకప్పుడు మాటలతో ఇల్లు పీకి పందిరేసిన మనిషి, ఇప్పుడు రోజంతా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటాడు. సాయంత్రం చెల్లెలు మోసుకొచ్చే లాబ్ గొడవలకే ఆ మొహంలో కాస్త కళ వస్తుంది.

"ఏది మొండికేసింది?"

"మన సోలార్ ఇన్వర్టరే. ఎండ ఉన్నంతసేపూ బుద్ధిగా కరెంటంతా గ్రిడ్‌కు పంపుతోంది. మబ్బు పట్టిందా, వచ్చే కాస్తా తనే మింగి కూర్చుంటోంది."

"కంచే చేను మేస్తోందన్నమాట." అన్నయ్య నవ్వాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మబ్బులో దాని లోపలి స్విచ్‌లన్నీ నడుస్తున్నాయా?" అడిగాడు అన్నయ్య.

"అన్నీ."

"అదే మరి. పిడికెడు మూటకు నలుగురు కూలీలెందుకే? మోసేదానికంటే తినేదే ఎక్కువ. ఎండ తగ్గగానే సగం స్విచ్‌లను పడుకోబెట్టు. ఎండ రాగానే లేపు."

చెల్లెలు కళ్లు పెద్దవి చేసింది. "ఇంత చిన్న విషయం మాకెవరికీ తట్టలేదేం?"

"తట్టడానికి బుర్రుండాలి. చిన్నప్పుడు నీ లెక్కలన్నీ ఎవరు చేశారు?" అన్నయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "రేపే పెట్టి చూడు. పనిచేస్తే మాత్రం నా పేరు చెప్పాలి."

"చెప్తాను. అందరికీ చెప్తాను."

ఆ నవ్వు చెదిరిపోతుందేమోనన్నట్టు వదిన గుమ్మంలోనే నిలబడి చూసింది. తర్వాత ఆడపడుచును గేటు దాకా సాగనంపింది.

"నీ ఓపికకు దణ్ణం పెట్టాలమ్మా."

"నాదేముంది వదినా. ఆ కాసేపైనా అన్నయ్య అన్నయ్యలా ఉంటాడు."

వీధి మలుపు తిరిగే దాకా చెల్లెలు బింకంగానే నడిచింది. ఆ తర్వాత గోడకు చెయ్యి ఆనించి, దారినపోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా, వెక్కి వెక్కి ఏడ్చింది.

అన్నయ్య రేపటికల్లా మరిచిపోయి, రేపు సాయంత్రం మళ్లీ కొత్తగా కనిపెట్టబోయే ఆ ఉపాయం, ప్రమాదానికి ముందు అతను మొదటిసారి చెప్పిననాటి నుంచీ ఊళ్లోని డాబాలన్నిటి మీదా ఏళ్లుగా పనిచేస్తూనే ఉంది.