తలుచుకునేవాళ్ళు

అమ్మకి మళ్ళీ పొలమారింది. చెంచా పక్కన పెట్టి, అలవాటుగా నడినెత్తిన తట్టాను.

"ఎవరో తలుచుకుంటున్నారమ్మా."

"ఇంకెవరు, మీ తమ్ముడే," అంది కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

నిన్నా వాడే. ఫోన్ చేసి ఎన్నాళ్ళయిందో వాడికే తెలియదు. మూడు పూటలా తినిపించే నా పేరు మాత్రం ఒక్కసారీ రాదు.

అమ్మకి రెండోసారి నిమ్ము చేయడంతో ఆసుపత్రివాళ్ళు పంపిన, మింగడం నేర్పే థెరపిస్టు మంచం పక్కనే కూర్చుని ఇదంతా చూస్తోంది.

"మీరు నిలబడి పెడుతుంటే ఆవిడ తలెత్తి మింగుతున్నారు. అందుకే ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఎదురుగా కూర్చోండి. గడ్డం దించి మింగమనండి," అంది. "ఇంతగా పొలమారుతుంటే ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారండీ?"

ఎవరో తలుచుకుంటున్నారనుకున్నామని ఎలా చెప్పను?

సాయంత్రం స్టూలు లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. నడుము విరిగిపోతోంది. "గడ్డం దించమ్మా... మింగు... ఆఁ, ఇప్పుడు ఇంకో చెంచా." గిన్నె ఖాళీ అయ్యేసరికి చీకటి పడింది. ఒక్క దగ్గు కూడా రాలేదు.

హమ్మయ్య అనుకుంటూ లేవబోయాను. అమ్మ మొహం వాడిపోయి ఉంది.

"ఇవాళ నన్నెవరూ తలుచుకోలేదే," అంది.

గిన్నె కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాను. దగ్గు రాకపోయినా, నడినెత్తిన మెల్లగా తట్టాను.

"ఎవరే?" అంది ఆశగా.

"తమ్ముడేనమ్మా," అన్నాను.